గేర్‌బాక్స్ దింపేటప్పుడు క్లచ్ పైపు సంగతి ఒక్క ముక్కలో వదిలేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో బండ్ల పేజీ నేను వదలకుండా చదువుతా. మొన్న ట్రక్కు గేర్‌బాక్స్ దింపి క్లచ్ ప్లేట్ మార్చడం గురించి రాశారు, బాగుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎలా విప్పాలి, జాకీ ఎక్కడ పెట్టాలి అన్నీ వివరంగా చెప్పారు, కానీ క్లచ్ దగ్గరికొచ్చేసరికి హైడ్రాలిక్ పైపు తీసేయండి అని ఒక్క ముక్కతో వదిలేశారు. అది చదివి కొత్తగా పని నేర్చుకునే కుర్రాడు పానా పట్టుకుని నేరుగా పైపు నట్టు మీద పడతాడు. చాలా బండ్లలో అసలు ఆ పైపు విప్పే పనే ఉండదండీ, ఈ ఉత్తరం అందుకే రాస్తున్నా.

ముందు కిందకి దూరి స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే సిలిండర్) ఎక్కడుందో చూడాలి. బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గంట ఆకారపు కవర్) బయట బోల్టులతో బిగించి, దాని రాడ్ క్లచ్‌ని కదిలించే ఫోర్కుని నెట్టేలా ఉంటే ఆ బోల్టులు విప్పి సిలిండర్‌ని పైపుతో సహా పక్కకి జరిపి ఛాసిస్‌కి వైరుతో కట్టేస్తే చాలు, పైపు మెలిక పడకుండా, బరువంతా దాని మీద వేలాడకుండా చూసుకోవాలంతే. ఆయిల్ కారదు, గాలి దూరదు, తర్వాత ఎయిర్ తీసే (పైపులో చేరిన గాలిని బయటికి పంపే) బాధ ఉండదు.

కానీ ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. స్లేవ్ ఇలా పక్కన కట్టి ఉన్నప్పుడు ఎవరూ క్లచ్ పెడల్ తొక్కకూడదు. నేను పని నేర్చుకునే రోజుల్లో క్యాబిన్‌లో ఏదో వస్తువు తీసుకోడానికి ఎక్కి కాలు పెడల్ మీద వేశా, కింద పిస్టన్ సిలిండర్లోంచి బయటికొచ్చేసింది, ఆయిల్ మొత్తం పోయింది, పిస్టన్ నేల మీద పడి సీల్‌కి ఇసుక అంటుకుంది. గంటలో అయ్యే పని రోజంతా పట్టింది, బండి ఆయన మొహం చూడలేకపోయా. అప్పట్నుంచి స్లేవ్ మీద చెయ్యి వేసేముందే పెడల్‌కి ఎర్రగుడ్డ కడతా, మా హెల్పర్‌కి కూడా మొదట నేర్పేది అదే.

కొన్ని బండ్లలో స్లేవ్ బెల్ హౌసింగ్ లోపల, ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ ఉంటుంది, క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్ దాని మీదే కూర్చుంటుంది. అలాంటి వాటికి మాత్రం పైపు తీయక తప్పదు. క్విక్ కనెక్టర్ ఉంటే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కాలర్‌ని దానికని వచ్చే చిన్న టూల్‌తో నొక్కిపట్టి పైపు లాగాలి, కొన్నింటికి క్లిప్పు ఉంటుంది, ముందు అది తీయాలి. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నితే ఆ ప్లాస్టిక్ విరుగుతుంది, అప్పుడు పైపు మొత్తం కొత్తది వేసుకోవాలి. నట్టు ఉన్న పైపైతే ఫ్లేర్ నట్ పానానే వాడండి, మామూలు పానా మూలలు కొట్టేస్తుంది. బాంజో బోల్టుకి (మధ్యలో రంధ్రంలోంచి ఆయిల్ వెళ్ళే బోల్టు) ఉండే రాగి వాషర్లు తిరిగి బిగించేటప్పుడు కొత్తవి వేయాలి. తీసిన వెంటనే రెండు చివర్లకీ శుభ్రమైన క్యాప్ పెట్టాలి, చిన్న దుమ్ము చాలు సీలు పాడవడానికి.

పెద్ద ట్రక్కుల్లో క్లచ్‌కి గాలి బూస్టర్ ఉంటుంది, చక్రాలకి అడ్డాలు పెట్టి గాలి ట్యాంకులు ఖాళీ చేశాకే ఆ గాలి పైపు ముట్టుకోవాలి.

ఇంకోటి ఆయిల్ గురించి. ఎక్కువ బండ్లకి డాట్ 3 గానీ డాట్ 4 గానీ రకం బ్రేక్ ఆయిలే పోస్తారు, అది పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. గాల్లోని తేమని కూడా పీల్చేస్తుంది, కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీసం 155కి పడిపోతుంది, అందుకే మూత తీసి ఉంచిన డబ్బా ఆయిల్ పోయొద్దు. కొన్ని బండ్లకి మినరల్ ఆయిల్ ఉంటుంది, రెండూ కలిస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పోతాయి, కాబట్టి బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద రాసింది చదివాకే పోయాలి. బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే ఆయిల్ డబ్బా ఉన్న బండైతే లెవెల్ పడిపోకుండా కన్నేసి ఉంచాలి, బ్రేకులోకి గాలి దూరితే ఇక క్లచ్ సంగతి తర్వాత, ప్రాణాల మీదకొస్తుంది.

అన్నీ బిగించాక ఎయిర్ తీసేటప్పుడు పెడల్ తొక్కిపట్టి ఉండగానే గాలి బయటికి వదిలే నిపుల్ తెరిచి మూయాలి, మూశాకే పెడల్ వదలాలి, లేకపోతే బయటి గాలిని మళ్ళీ లోపలికి లాగేస్తుంది. పైన డబ్బా ఒక్కసారి ఖాళీ అయినా పని మొదటికొస్తుంది.

దయచేసి వచ్చే వారం పేజీలో బయట స్లేవ్, లోపల స్లేవ్ రెండింటి బొమ్మలూ పక్కపక్కన వేసి, పెడల్ తొక్కొద్దు అనే మాట పెద్ద అక్షరాల్లో రాయండి. మీ పేజీ కత్తిరించి షెడ్డు గోడకి అంటించుకునే కుర్రాళ్ళు నాకు తెలుసు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ట్రక్కు మెకానిక్