డాన్ క్విక్సోట్ రెండో భాగం గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సాహిత్య పేజీని వదలకుండా చదివే పాఠకురాలిని. ఈ మధ్య ఆ పేజీలో ప్రయోగాత్మక నవల అనే మాట తరచూ కనిపిస్తోంది, కనిపించిన ప్రతిసారీ పక్కనే కష్టం, ఓపిక, మేధావులు లాంటి మాటలు కూడా వస్తున్నాయి, చదివేవాళ్లకి ముందే భయం పుట్టేలాగా. రచయిత తన కథలోకి తనే వచ్చి మాట్లాడటం, పాత్రలు తమ మీద అచ్చయిన పుస్తకం గురించి చర్చించుకోవడం, చెప్పేవాడిని నమ్మాలో వద్దో తెలియకుండా చేయడం, ఇవన్నీ ఇరవయ్యో శతాబ్దంలో కనిపెట్టినట్టు రాస్తున్నారు. దీనికి నేను ఒప్పుకోను. స్పెయిన్ రచయిత మిగేల్ సెర్వాంటెస్ 1605లో ఒక భాగం, 1615లో ఇంకో భాగం అచ్చు వేయించిన డాన్ క్విక్సోట్‌లో ఇవన్నీ ఉన్నాయి, పడీపడీ నవ్వించేలా ఉన్నాయి. ఆ నవ్వు కోసమే ఆయన అన్ని ప్రయోగాలూ చేశాడని నా నమ్మకం.

మన దగ్గర ఈ పుస్తకం పేరు చెబితే గాలిమరలు తప్ప ఇంకేమీ గుర్తు రావు. వీరగాథలు చదివి చదివి మతి చలించిన ఒక పెద్దాయన, ఆయన బక్క గుర్రం, వెనకాల గాడిద మీద సాంచో పాంజా, రాక్షసులనుకుని గాలిమరల మీదికి ఈటెతో పోవడం, అంతే. ఆ ఘట్టం మొదటి భాగం ఎనిమిదో అధ్యాయంలో రెండు మూడు పేజీల్లో అయిపోతుంది. రెండు భాగాలూ కలిపి ఉన్నవి 126 అధ్యాయాలు.

అదే ఎనిమిదో అధ్యాయం చివర్లో జరిగేది నాకు గాలిమరల కన్నా ఎన్నో రెట్లు ఇష్టం. ఉత్తర స్పెయిన్‌కి చెందిన ఒక బాస్క్ మనిషితో డాన్ క్విక్సోట్‌కి పోట్లాట వస్తుంది, ఇద్దరూ కత్తులు పైకెత్తుతారు, ఇక దెబ్బ పడటమే తరువాయి, సరిగ్గా అక్కడ కథ ఆగిపోతుంది. రాతల్లో ఇంతవరకే ఉంది, ఆ తర్వాత ఏమైందో దొరకలేదు అంటాడు చెప్పేవాడు! ఎత్తిన కత్తులు ఎత్తినట్టే ఉంటాయి. తర్వాతి అధ్యాయంలో ఆ చెప్పేవాడే టొలెడో బజారులో తిరుగుతుంటే ఒక కుర్రాడు పాత కాగితాలు తెచ్చి పట్టు వర్తకుడికి అమ్మబోతుంటాడు. అవి అరబ్బీలో ఉన్నాయి. అరబ్బీ తెలిసిన ఒక మొరిస్కోని, అంటే క్రైస్తవంలోకి మారిన ముస్లిం మనిషిని, పట్టుకుని చదవమంటే అతను కాస్త చదివి నవ్వడం మొదలుపెడతాడు. ఏమిటయ్యా అంటే, అంచులో రాసి ఉందట, ఈ డుల్సినియా అనే ఆవిడ పంది మాంసానికి ఉప్పు పట్టించడంలో లా మాంచా ప్రాంతం మొత్తంలో అందరికన్నా మంచి చెయ్యి ఉన్న మనిషని. డాన్ క్విక్సోట్ రాకుమారిలా కొలిచే ప్రియురాలి గురించి మనకి దొరికే చారిత్రక ఆధారం అది! వెంటనే ఆ కాగితాలన్నీ అర రియాల్‌కి కొనేసి, రెండు అరోబాల ఎండుద్రాక్ష (ఇరవై కిలోల పైచిలుకు), రెండు ఫనేగాల గోధుమలు కూలికి మాట్లాడుకుని, అతన్ని ఇంట్లో కూర్చోబెట్టి నెలన్నరలో మొత్తం అనువాదం చేయించుకుంటాడు. అప్పుడు గానీ ఆ కత్తులు కిందికి దిగవు.

కాబట్టి అక్కడినుంచి మనం చదివేది సీదె హమెతె బెనెంగేలి అనే అరబ్బు చరిత్రకారుడు రాస్తే, ఎండుద్రాక్షకి అనువదించిన ఒకాయన స్పానిష్‌లో పెడితే, ఇంకొకాయన తన వ్యాఖ్యలు కలిపి మనకి అందించిన కథ. వీళ్లలో ఒకరి మాట ఒకరు నమ్మరు. రెండో భాగం ఐదో అధ్యాయంలో సాంచో తన భార్యతో చాలా తెలివిగా మాట్లాడతాడు, అక్కడ అనువాదకుడు అడ్డొచ్చి, సాంచో ఇలా మాట్లాడే మనిషి కాదు, ఈ అధ్యాయం ఎవరో కల్పించి పెట్టినట్టుంది అంటాడు, అని కూడా అనువాదం ఆపడు. మోంతెసినోస్ గుహలో డాన్ క్విక్సోట్ చూశానని చెప్పిన వింతల దగ్గర స్వయంగా హమెతెనే, ఇది నేను నమ్మలేను, పాఠకుడా నువ్వే తేల్చుకో అని అంచులో రాసుకుంటాడు. నాలుగు వందల ఏళ్ల కిందటి రచయిత పాఠకుడికి ఇచ్చిన గౌరవం ఇది, నాకు ఇందులో కష్టం ఎక్కడా కనిపించలేదు.

నవ్వు అన్నాను కదా అని ఇదంతా పైపై సరదా అనుకోవద్దు. 1609 నుంచి స్పెయిన్ రాజు ఆ మొరిస్కోలనే దేశం నుంచి వెళ్లగొట్టాడు. తమ దేశపు గొప్ప కథని ఒక అరబ్బు రాశాడని, ఒక మొరిస్కో అనువదించాడని చెప్పిన పుస్తకం రెండో భాగం ఆ తర్వాత వచ్చింది. అందులో రికోతె అనే మనిషి ఉంటాడు, సాంచో ఊళ్లో కొట్టు పెట్టుకుని బతికినవాడు, వెళ్లగొట్టాక యాత్రికుల వేషంలో దొంగచాటుగా తిరిగొస్తాడు. ఇద్దరూ చెట్ల కింద కూర్చుని తిని తాగి మాట్లాడుకుంటారు. ఎక్కడున్నా స్పెయిన్ కోసం ఏడుస్తాం, పుట్టింది ఇక్కడే కదా అంటాడు రికోతె. పాతిపెట్టిన తన సొమ్ము తవ్వుకోవడానికి సాయం రమ్మంటే సాంచో రానంటాడు గానీ, నిన్ను పట్టివ్వను, సుఖంగా వెళ్లు అంటాడు. గల్ఫ్‌కో అమెరికాకో పిల్లల్ని పంపుకున్న మన ఇళ్లలో ఈ అధ్యాయం చదివితే గొంతు పట్టేస్తుంది, వాళ్లది బలవంతపు వలస అని తెలిసి చదివితే మరీను.

ఇక రెండో భాగం అసలు సంగతి. అందులో కనిపించే వాళ్లు చాలామంది మొదటి భాగం చదివేసి ఉంటారు! సామ్సన్ కర్రాస్కో అనే పట్టభద్రుడు వచ్చి, అయ్యా మీ కథ పుస్తకంగా వచ్చింది, పన్నెండు వేలకి పైగా ప్రతులు అచ్చయ్యాయి అని చెబుతాడు. డాన్ క్విక్సోట్‌కి ఒకటే టెన్షన్, తన గురించి ఏం రాశారో, డుల్సినియా గురించి ఏం రాశారో అని. పాఠకులు పట్టుకున్న తప్పులు కూడా కర్రాస్కో చెబుతాడు. మొదటి భాగంలో సాంచో గాడిద మాయమై, ఎలా పోయిందో చెప్పకుండానే మళ్లీ ప్రత్యక్షమవుతుంది, అది నిజంగానే 1605 అచ్చులో దొర్లిన పొరపాటు. సంజాయిషీ సెర్వాంటెస్ ఇవ్వడు, సాంచో చేత ఇప్పిస్తాడు. ఆ చరిత్రకారుడు పొరబడ్డాడో, అచ్చువాళ్ల అజాగ్రత్తో నాకేం తెలుసు అంటాడు సాంచో. తప్పుని ఇంత ముచ్చటైన సన్నివేశంగా మార్చిన రచయిత ఇంకొకరు నాకు తెలియదు.

1614లో ఇంకో విచిత్రం జరిగింది. అవెల్యనేదా అనే మారుపేరుతో ఎవరో డాన్ క్విక్సోట్‌కి దొంగ రెండో భాగం రాసి అచ్చు వేశారు, ఆ మనిషి ఎవరో ఈనాటికీ తేలలేదు. పైగా ముందుమాటలో సెర్వాంటెస్‌ని ముసలివాడని, ఒంటిచేతివాడని వెక్కిరించాడు. 1571లో లెపాంటో యుద్ధంలో ఆయన ఎడమ చెయ్యి పనికి రాకుండా పోయింది, ఆ తర్వాత ఐదేళ్లు అల్జీర్స్‌లో బందీగా ఉన్నాడు. అలాంటి మనిషికి ఎంత కోపం రావాలి! అప్పటికి తన రెండో భాగం రాస్తున్నాడు, ఆ కోపాన్నంతా కథలోనే పెట్టాడు. 59వ అధ్యాయంలో ఒక సత్రంలో పక్క గదిలోవాళ్లు ఆ దొంగ పుస్తకం చదువుకుంటుంటే డాన్ క్విక్సోట్ వింటాడు. తను డుల్సినియాని మర్చిపోయినట్టు అందులో రాశారని తెలిసి మండిపడతాడు. తనని సరగోసా పోటీలకి పంపారని విని, అయితే నేను ఆ ఊరు గుమ్మం తొక్కను అని బార్సిలోనాకి దారి మళ్లిస్తాడు. సాంచో భార్య పేరు మారీ గుతియెరెజ్ అని తప్పు రాశారని అక్కడ కోప్పడతారు కూడా, కానీ ఆ పేరు మొదటి భాగం ఏడో అధ్యాయంలో సెర్వాంటెస్ రాసిందే! 72వ అధ్యాయం అన్నిటికీ మించింది. అవెల్యనేదా సృష్టించిన దోన్ అల్వారో తార్ఫె అనే పాత్ర ఈ పుస్తకంలోకి నడిచొస్తాడు. అప్పుడే సత్రంలోకి వచ్చిన ఊరి పెద్ద, రాయసకాడి ముందు, ఆ అచ్చు పుస్తకంలోని డాన్ క్విక్సోట్ ఈయన కాదు అని డాన్ క్విక్సోట్ అతని చేత చెప్పించి పత్రం రాయించుకుంటాడు. ఒకరి పుస్తకంలో పుట్టిన పాత్ర, ఇంకొకరి పుస్తకంలోకొచ్చి సాక్ష్యం చెప్పడం! ఈ రోజు ఎవరైనా ఇలా రాస్తే ఎన్ని వ్యాసాలు వస్తాయో ఆలోచించండి.

చదవాలనుకునే వాళ్లకి ఒక మాట. మొదటి భాగం మధ్యలో వేరే వేరే కథలు చొప్పించి ఉంటాయి, నాకు అవి సాగదీసినట్టే అనిపిస్తాయి, రెండో భాగంలో కర్రాస్కో కూడా ఆ ఫిర్యాదు చెబుతాడు, కాబట్టి అవి దాటేసినా ఏమీ కాదు. బరాతారియా అనే దీవికి సాంచో గవర్నర్ అయ్యే అధ్యాయాలు మాత్రం పిల్లలకి చదివి వినిపించండి. అప్పు తీర్చేశానని ప్రమాణం చేసే ముసలాయన చేతికర్రలోంచి పది బంగారు నాణేలు బయటపడే తీర్పు వింటే మర్యాద రామన్న కథ విన్నట్టే ఉంటుంది, మా ఇంట్లో పిల్లలు కర్ర విరగ్గొట్టక ముందే కేకలు పెట్టారు. ఇది వినడానికి రాసిన పుస్తకమే కూడా. ఒక సత్రం యజమాని చెబుతాడు, కోతల కాలంలో కూలీలు పనిలేని రోజు చేరి, చదువొచ్చినవాడు ఒకడు చదువుతుంటే ముప్పై మందికి పైగా చుట్టూ కూర్చుని వింటారని. రెండో భాగం 66వ అధ్యాయం శీర్షికే, చదివేవాడు చూసేది, చదివించుకుని వినేవాడు వినేది అన్నట్టుగా ఉంటుంది. ఇంగ్లీషు చదవగలిగితే జాన్ ఆర్మ్స్‌బీ 1885 అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, భాష కాస్త పాతది. 2003లో వచ్చిన ఈడిత్ గ్రాస్‌మన్ అనువాదం హాయిగా నడుస్తుంది.

మీకు నా విన్నపం ఇది. ప్రయోగం గురించి ఇంకో సిద్ధాంత వ్యాసం వేసే బదులు, ఈ పుస్తకంలోంచి కొన్ని అధ్యాయాలు, ముఖ్యంగా రెండో భాగంలోని 3, 10, 45, 54, 59, 72 అధ్యాయాలు, తెలుగులో వేయించండి. స్పానిష్ నేర్చుకున్న తెలుగువాళ్లు హైదరాబాద్‌లోనూ బయటా ఉన్నారు, నేరుగా ఆ భాష నుంచే చేయించగలిగితే ఇంకా మంచిది. వారానికి ఒకటి చొప్పున వేస్తే ఆరు ఆదివారాలు పడుతుంది, పదో అధ్యాయంతో మొదలుపెట్టండి, ముగ్గురు పల్లెటూరి ఆడవాళ్లని చూపించి వీళ్లలో ఒకరే డుల్సినియా అని సాంచో తన యజమానిని నమ్మించే కథ అది, ముందేమీ తెలియనివాళ్లకి కూడా పట్టుబడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ