గోళీలు గూట్లో, మనిషి పుణెలో

సంపాదకులకు నమస్కారం.

టీబీ కేసులు ఇన్ని దొరికాయని పేపర్లో చదువుతుంటాం. దొరికినవాళ్లు తర్వాత ఏమవుతున్నారో మా మక్తల్ వైపు నేను చూసింది రాస్తున్నాను.

మా చిన్నాయన కొడుకు రెండు నెలలు దగ్గాడు. ఆర్‌ఎంపీ సూదులు, దగ్గు మందు సీసాలు అన్నీ అయ్యాక ఆశ అక్క డబ్బా ఇచ్చి తెమడ పరీక్షకు పంపితే టీబీ అని తేలింది. గోళీలు మొదలుపెట్టగానే మూత్రం ఎర్రగా వచ్చింది, రక్తం పోతోందనుకుని వాడు రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నాడు. అది రిఫాంపిసిన్ మందు రంగు, భయం లేదని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? ఇంట్లోవాళ్లేమో వాడి కంచం, చెంబు వేరు పెట్టారు. టీబీ అంటేది గాలితో, కంచంతో కాదు, కిటికీ తెరవండ్రా అంటే మాత్రం ఎవరూ వినలేదు.

రెండు నెలలకల్లా దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. ఇంకేం, కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఫోన్ చేయగానే గోళీలు గూట్లోనే వదిలేసి పుణె బస్సెక్కాడు. మామూలు టీబీకి 6 నెలలు వాడాలి, మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. దగ్గు తగ్గినా క్రిములు లోపల మిగిలే ఉంటాయి, మధ్యలో ఆపితే అవి మళ్లీ లేస్తాయి, ఈసారి అవే గోళీలకు లొంగకపోవచ్చు కూడా. పైగా అక్కడ పదిమంది ఒకే రేకుల షెడ్డులో పడుకుంటారు.

పుణెలో ఆ మందులు దొరకవనుకున్నాడట. టీబీ రోగుల పేర్లు ఎక్కించే సర్కారు ఆన్‌లైన్ పోర్టల్ నిక్షయ్‌లో పేరెక్కినప్పుడు వచ్చే నంబరు దేశమంతా చెల్లుతుంది, అక్కడి సర్కారు దవాఖానకు మార్పించుకుంటే ఫ్రీగా ఇస్తారు, ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. తిండి కోసం నెలకు 500 ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది, ఖాతా చిక్కుల్లో వాడికి రూపాయి పడలేదు, అది వేరే కథ.

నాలుగు నెలలకు దగ్గుకుంటూ తిరిగొచ్చాడు. మెషిన్ పరీక్షలో పాత మందులే పనిచేస్తాయని వచ్చింది, బతికిపోయాడు. మళ్లీ మొదటి నుంచి కోర్సు.

అధికారులను ఒకటే అడుగుతున్నా. పండగలయ్యాక ముంబై, పుణె బస్సులు కదిలేచోట ఒక టేబుల్ వేయండి, గోళీలు వాడుతున్నవాళ్లకు ఈ నంబరు సంగతి చెప్పండి, గుంపు మేస్త్రీలకూ చెప్పండి, మావాళ్లు డాక్టర్ కన్నా మేస్త్రీ మాటే వింటారు. మావాడికి ఇప్పుడు రెండో నెల నడుస్తోంది. నిన్న మేస్త్రీ మళ్లీ ఫోన్ చేశాడు.

- ఒక పాఠకుడు, మక్తల్ మండలం, నారాయణపేట జిల్లా