పంటి క్లిప్పులు అందానికేనా? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. పిల్ల కింద పడి పళ్లు విరగ్గొట్టుకుని ఆస్పత్రిలో చేరితే బీమా డబ్బులు రావచ్చు. విరగకముందే సరిచేయిద్దామంటే పైసా రాదు. ఈ లెక్క నాకు మింగుడుపడక మీకు రాస్తున్నాను.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పై పళ్లు బాగా ఎత్తు, పెదాలు మూసుకోవు. కింది పళ్లు అంగిట్లో గుచ్చుకుని పుండు పడుతోంది. బొబ్బిలిలో చూపిస్తే విజయనగరంలో ఆర్థోడాంటిస్టు (పళ్ల వరస సరిచేసే డాక్టరు) దగ్గరికి వెళ్లమన్నారు. ఆయన అద్దం పెట్టి ఆ పుండు నాకు చూపించారు. నాలుగు పళ్లు తీసి రెండేళ్లు క్లిప్పులు వేయాలని, నెలనెలా వచ్చి తీగ బిగించుకోవాలని చెప్పారు. పళ్లు ఇంత ఎత్తుగా ఉన్న పిల్లలు పడితే ముందు విరిగేవి అవేనట. ఖర్చు 45 వేలు, ఎక్స్‌రేలు వేరే.

మాకు ఫ్యామిలీ పాలసీ ఉంది. ఏటా కడుతున్నాం. కట్టించుకున్న రోజు "అన్నీ కవరవుతాయమ్మా" అన్న ఏజెంటే, ఇప్పుడు ఫోన్ చేస్తే "పళ్లకి ఏటమ్మా ఇన్సూరెన్సు!" అని నవ్వాడు. పాలసీ పుస్తకం తీస్తే అంతా ఇంగ్లీషు, చీమల బారులాంటి అక్షరాలు. మా స్కూల్లో ఇంగ్లీషు మాస్టారిని బతిమాలి కూర్చోబెట్టి చదివించాను.

అర్థమైందేమిటంటే, మన ఆరోగ్య బీమా చాలావరకు మంచం పట్టిన రోగానికే. కనీసం ఒక రోజు ఆస్పత్రిలో ఉండాలి, లేదా డే కేర్ (అదే రోజు ఇంటికి పంపేసే) జాబితాలో ఉన్న చికిత్స అయినా కావాలి. క్లిప్పులకి అడ్మిషన్ ఉండదు, అంతా కుర్చీలోనే అయిపోతుంది. ఓపీ ఖర్చులకి వేరే కవర్ అమ్మే కంపెనీలున్నాయి గానీ, దానికి ప్రీమియం వేరు, పరిమితి వేరు. బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2020లో అన్ని కంపెనీల చేతా తెప్పించిన ఆరోగ్య సంజీవని పాలసీలో జబ్బు వల్లో దెబ్బ వల్లో అవసరమైన పంటి వైద్యం ఉంది. అదీ ఆస్పత్రిలో చేరితేనే.

రెండో అడ్డు 'కాస్మెటిక్' అనే మాట. రూపం మార్చే చికిత్సకి డబ్బివ్వరు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసేవాటికి, ఆరోగ్యానికి తక్షణ ముప్పు ఉందని డాక్టరు రాసిచ్చినవాటికి మాత్రం మినహాయింపు ఉంది. నవ్వు అందంగా ఉండాలని వేసుకునే క్లిప్పులకి బీమా ఇవ్వకపోతే నాకేం బాధ లేదు, నిజానికి ఇవ్వకూడదు కూడా. అంగిట్లో పుండుతో అన్నం నమల్లేని పిల్లని కూడా ఆ గాటనే కట్టేస్తేనే బాధ.

ఆరోగ్యశ్రీ 2007లో మొదట వచ్చిన మూడు జిల్లాల్లో మా పక్క శ్రీకాకుళం ఒకటి. గుండె ఆపరేషనంటే పొలం అమ్ముకోవాల్సిన రోజులు పోవడం మా వైపు కళ్లారా చూశారు. ఆ పథకానికే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. దాన్ని బీమా పద్ధతిలోకి తెస్తామని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించింది. ఆ ప్యాకేజీల జాబితా రాసే వాళ్ల పక్కన ఒక ఆర్థోడాంటిస్టుని కూర్చోబెట్టండి. గ్రహణం మొర్రి పిల్లలకి ఆపరేషనుతో పని అయిపోదు. అంగిలి చీలిన పిల్లలకి పళ్లు వచ్చే వయసులో క్లిప్పులు చాలాసార్లు తప్పనిసరి. వాళ్లకీ, పై పళ్లూ కింది పళ్లూ సరిగా కలవక నోట్లో గాయమయ్యే పిల్లలకీ ఈ ఖర్చు జాబితాలో పేరు పెట్టి చేర్చండి. పిల్లల ఆరోగ్యం చూడడానికి బడికొచ్చే బాల స్వాస్థ్య బృందాలు పుచ్చు పళ్లు ఎలాగూ చూస్తాయి, ఇదీ రాసుకోమనండి.

ప్రభుత్వ డెంటల్ కాలేజీలేమో విజయవాడలో, కడపలో ఉన్నాయి. నెలనెలా తీగ బిగించుకోవడానికి బొబ్బిలి నుంచి బెజవాడ ఎవరు వెళ్తారు, సార్? విజయనగరంలో 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది, శ్రీకాకుళంలో సర్వజన ఆస్పత్రి ఉంది. రెండు చోట్లా వారానికి ఒక రోజు ఈ క్లిప్పుల ఓపీ తప్పకుండా నడిచేలా చూడండి.

ప్రైవేటు బీమా మీ చేతిలో లేదని తెలుసు. కానీ ఏది వస్తుందో, ఏది రాదో చెప్పే సమాచార పత్రం ప్రతి కొనుగోలుదారుకీ ఇవ్వాలని, అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలని 2024 జనవరి నుంచి నిబంధన ఉంది. మాకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. ప్రతి సచివాలయం గోడ మీదా ఈ మాటా, పక్కనే బీమా ఫిర్యాదు నంబరు 155255 రాయించండి. ఇది పెద్ద ఖర్చు కాదు. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చన్న సంగతీ కలిపి రాయించండి, ఏజెంట్లు అది చెప్పరు.

చీటీ పాడి మా అమ్మాయికి అడ్వాన్సు కట్టేశాం. వచ్చే వారం పళ్లు తీస్తారు. ఈ లేఖకి మీ శాఖ జవాబిస్తే, దయచేసి తెలుగులో ఇప్పించండి.

ఇట్లు,
ఒక ప్రైవేటు బడి టీచరు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా