లారీ ఆగేది సుంకం దగ్గర కాదు: బ్రిటన్ ప్రధానమంత్రికి బహిరంగ లేఖ

ప్రధానమంత్రి గారికి,

యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బ్రిటన్ బయటికి రావాలా వద్దా అని జరిగిన 2016 జూన్ 23 ఓటు మీద తగువు ఇంకా తెగలేదు. 51.9 శాతం వెళ్దామన్నారు, 48.1 శాతం ఉందామన్నారు. బ్యాలెట్‌లో సింగిల్ మార్కెట్, అంటే ఈయూ దేశాల మధ్య సరుకు అడ్డంకుల్లేకుండా తిరిగే ఉమ్మడి మార్కెట్, ఊసే లేదు. పేచీ అక్కడే మొదలైంది.

2020లో ఈయూతో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో సుంకం సున్నా. అయితే అది బ్రిటిష్ సరుకుకే. ఇండియా బియ్యాన్ని బర్మింగ్‌హామ్‌లో సంచి మార్చి ఈయూలో ఉన్న ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ పంపితే ఆ మాఫీ వర్తించదు.

మాంసం, చీజ్‌ల కథ వేరు. ప్రతి సరుకుకూ వెటర్నరీ డాక్టర్ సంతకం, ముద్ర ఉన్న ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. పదిమంది సరుకు ఒకే లారీలో వేశారనుకోండి. ఒకరి పత్రంలో ఒక్క నంబరు తప్పితే చాలు, లారీ మొత్తం ఫ్రాన్స్ రేవు కలేలో ఆగిపోవచ్చు. తప్పు ఒకరిది, చీజ్ పాడయ్యేది తొమ్మిదిమందిది! పెద్ద కంపెనీ సొంత లారీ పెట్టుకుంటుంది, నలిగేది చిన్నవాళ్లే.

2025 మే 19న లండన్‌లో బ్రిటన్, ఈయూ ఈ కాగితాలు తగ్గించే ఒప్పందం వైపు అడుగేశాయి. మంచిదే. బదులుగా ఈయూ ఆహార నిబంధనలు మారినప్పుడల్లా మనమూ మార్చుకోవాలి, అక్కడ ఓటు లేకుండానే. వెళ్దామన్నవాళ్ల అభ్యంతరం ఇదే, అది కొట్టిపారేసేది కాదు. దాచకుండా పార్లమెంటులో చెప్పండి. ఏ సరుకుకు ఏ పత్రం ఇక అక్కర్లేదో జాబితా ముందే ఇవ్వండి.

ఇట్లు,
ఎగుమతి పత్రాలు నింపే కస్టమ్స్ ఏజెంట్లు