అడ్వాన్స్ అడిగే చిన్న వ్యాపారికి సొంత వెబ్‌సైట్ కావాలి: మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నం ద్వారకానగర్‌లో చిన్న ట్రావెల్స్ నడుపుకుంటున్నాను. దసరా ముందు మొదలై సంక్రాంతి దాటేదాకా మాకు బెంగాలీ టూరిస్టుల సీజన్. కోల్‌కతా నుంచి రైలెక్కి వచ్చే ఆ కుటుంబాలే మాకూ, ఆర్.కె. బీచ్ వెనక సందుల్లో ఉన్న లాడ్జీలకూ, అరకు హోమ్‌స్టేలకూ ఏడాది గ్రాసం. ఇంతగా ఆధారపడ్డ గిరాకీ ఎక్కడ తెగిపోతుందో మీకు చెప్పాలని ఈ ఉత్తరం.

అరకు రెండు రోజులు, ఇన్నోవా, బొర్రా గుహలు, కటికి జలపాతం, కాఫీ తోటలు. ఫోన్లో అన్నీ కుదురుతాయి, రేటు కూడా కుదురుతుంది. "సగం అడ్వాన్స్ పంపండి దాదా" అనగానే అవతలి గొంతు మారిపోతుంది. క్యూఆర్ పంపితే స్కాన్ చేస్తారు. మాలాంటి చాలామందికి ఖాతా ఇంట్లోవాళ్ల పేరు మీదో, సొంత పేరు మీదో ఉంటుంది కాబట్టి, ట్రావెల్స్ పేరు రావాల్సిన చోట ముక్కూ మొహం తెలియని ఎవరి పేరో వస్తుంది. "ఈమె ఎవరు? మీ వెబ్‌సైట్ ఏది?" అని అడుగుతారు. లేదంటే "ఇంట్లో అడిగి చెప్తాం" అని ఫోన్ పెట్టేస్తారు. ఆ "చెప్తాం" ఏమవుతుందో మాకు తెలుసు.

వాళ్లను తప్పు పట్టలేను. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్ల దగ్గర్నుంచి హోటల్ గదుల దాకా నకిలీ బుకింగ్ సైట్లు, పేజీలు పెట్టి దోచుకుంటున్నారని 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల విభాగమే హెచ్చరించింది. మోసపోతే 1930కి ఫోన్ చేయమని చెబుతున్నారు, మంచిదే. కానీ మోసపోకముందు ఏం చూసి నమ్మాలి?

అందరికీ వెబ్‌సైట్ కావాలని నేను అనను. ఎంవీపీ కాలనీలో టిఫిన్ బండికి అక్కర్లేదు, చట్నీ వాసనే దాని ప్రచారం. పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ కొట్టుకీ అంతే, మూడు తరాల ఖాతాదారులు ఉంటారు. ముందు డబ్బు, తర్వాత సరుకో సేవో ఇచ్చే వ్యాపారాల సంగతి వేరు. ట్రావెల్స్, హోమ్‌స్టే, ఈవెంట్ డెకరేషన్, కొరియర్‌లో పచ్చళ్లు పంపే ఇల్లాలు, వీళ్లందరికీ కొనేవాడు పరాయివాడే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరుకు చట్టపరమైన రక్షణ, వచ్చింది. అయినా బెంగళూరులో కూర్చుని పసిపిల్లాడికి కొనే తల్లికి అదొక్కటే సరిపోదు. అది అంకుడు కర్రేనా, లక్కలో కలిపింది చెట్ల నుంచి తీసిన రంగేనా, పిల్లాడు నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది, చేసినవాళ్లెవరు? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరికే ఒక్క పేజీ ఆ కళాకారుడికి సొంతంగా ఉండాలి.

దొంగలకీ వెబ్‌సైట్లు ఉంటాయి కదా అని మీ అధికారులు అనొచ్చు. ఉంటాయి, మనకంటే జిగేల్‌మని ఉంటాయి. అందుకే చూడాల్సింది రంగులు కాదు, లోపల రాసింది. ఆఫీసు అడ్రస్, చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబర్, ఉంటే జీఎస్టీ నంబర్. ఆ నంబర్లు ప్రభుత్వ పోర్టల్‌లో కొట్టి చూస్తే అదే పేరు రావాలి. డబ్బు పంపేటప్పుడు తెర మీద ఏ పేరు కనిపిస్తుందో ముందే రాసి ఉండాలి. తుఫాను వచ్చి ఘాట్ రోడ్డు మూసేస్తే ఎంత తిరిగిస్తారో రాసి ఉండాలి. అక్టోబరులో మాకు టూరిస్టులూ తుఫాన్లూ కలిసే వస్తారు, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది కదా. ఇంకొకటుంది. డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ అడ్రసు, ఏ తేదీన రిజిస్టరయిందో సాధారణంగా ఎవరైనా వెతికి చూడొచ్చు. దొంగ మన నంబర్ కాపీ కొట్టగలడు గానీ, ఏళ్ల తరబడి అదే పేరుతో నడిచిన సైట్ వయసును కాపీ కొట్టలేడు.

"ఇన్‌స్టా, వాట్సాప్ ఉన్నాయిగా" అనేది రెండో మాట. వాడుతున్నాం, మానేయం కూడా. కానీ అది అద్దె కొట్టు. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధం వచ్చినప్పుడు దాని మీదే గిరాకీ పెంచుకున్నవాళ్లు రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో, అంటే వెతికితే కొట్టు వివరాలు చూపే పేజీతో పాటు, ఉచితంగా ఇచ్చిన చిన్న సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. విజిటింగ్ కార్డుల మీద ఆ అడ్రసు అచ్చేయించుకున్నవాళ్ల సంగతి ఆలోచించండి.

సరే, సొంతంగా చేయించుకుందామంటే అక్కడ ఇంకో తంటా. నాకు తెలిసిన ఒక హోమ్‌స్టే ఆయన సైట్ చేయించుకున్నాడు. చేసిన కుర్రాడు డొమైన్‌ను తన మెయిల్‌తో, తన పేరు మీద కొన్నాడు. తర్వాత ఊరు మారాడు, ఫోన్ ఎత్తడం మానేశాడు. రెన్యువల్ గడువు దాటిపోయింది, ఆ పేరును ఇంకెవరో కొనేశారు. ఇప్పుడు ఆయన పాత కార్డు మీది అడ్రసు కొడితే బెట్టింగ్ యాడ్లు వస్తున్నాయి. నమ్మకం కోసం పెట్టుకున్నదే పరువు తీసింది. డాట్ ఇన్ పేరుకు ఏడాదికి అయ్యేది మామూలుగా కొన్ని వందల రూపాయలే. కాబట్టి సమస్య డబ్బు ఒక్కటే కాదు, చెప్పేవాళ్లు లేకపోవడం.

అందుకే మీరు పెద్ద టెండర్ పిలిచి, ఒక్క కంపెనీకి అప్పగించి, అందరికీ ఒకే మూసలో పేజీలు ఇప్పించొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. కాంట్రాక్టు అయిపోగానే అవీ పోతాయి. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు సాయం చేసే బల్ల దగ్గరే ఇంకో కుర్చీ వేయించండి. డొమైన్ యజమాని పేరు మీదే, యజమాని ఫోనుకూ మెయిల్‌కూ కట్టి కొనిపించే మనిషి అక్కడ కూర్చోవాలి. పాస్‌వర్డ్ కాగితం యజమాని చేతికే ఇవ్వాలి. పేజీ తయారీకి విశాఖలో పిల్లలకు కరువా? డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది. సర్టిఫికెట్ కోసం ఉత్తుత్తి ప్రాజెక్టులు చేసే బదులు డాబాగార్డెన్స్‌లో ఒక కొట్టుకు, భీమిలిలో ఒక హోమ్‌స్టేకు పనికొచ్చే పేజీ చేస్తే మార్కులివ్వండి. భాష ఏదో ఆ వ్యాపారే చెబుతాడు, మాకైతే బెంగాలీ ముందు కావాలి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదుల అధికారి పేరు పెట్టాలని, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అంటున్నాయి. అది మా వీధిలో ఎంతమందికి తెలుసు? ఆ కుర్చీలో మనిషే అదీ చెప్పాలి.

ఇంకో పని మీ ఒక్క శాఖ వల్ల కాదు, పర్యాటక శాఖతో మాట్లాడాలి. తనిఖీ చేసిన స్థానిక ట్రావెల్స్, హోమ్‌స్టేల జాబితాను రాష్ట్ర పర్యాటక సైట్‌లో పెట్టి, ఒక్కొక్కరి సొంత సైట్‌కు లింకు ఇప్పించండి. కోల్‌కతాలో కూర్చున్న మనిషి మా పేరు అక్కడ చూసి మా పేజీకి వస్తే, అడ్వాన్స్ దగ్గర గొంతు మారదు.

2025 అక్టోబరులో గూగుల్ 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్‌ను విశాఖలో పెడతామని ప్రకటించింది. సంతోషం, మా కార్లకూ నాలుగు ట్రిప్పులు దొరుకుతాయి. దానికి ఏళ్లు పడుతుంది. నేను అడిగిన కుర్చీ వేయడానికి ఒక జీవో, ఇద్దరు మనుషులు చాలు. రాబోయే దుర్గా పూజ సెలవుల బుకింగులు మొదలవకముందే వేయించగలిగితే ఈ సీజన్‌కే అక్కరకొస్తుంది. ముందు ఒక్క విశాఖ జిల్లాలో చేసి చూడండి. పిలిస్తే మొదటి దరఖాస్తు నేనే పట్టుకొస్తాను.

ఇట్లు,
ద్వారకానగర్ ట్రావెల్స్ వ్యాపారి,
విశాఖపట్నం