‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’లో వేదాంతమెంత?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. మీ ఆదివారం అనుబంధంలో పాశ్చాత్య రాక్ సంగీతం మీద వస్తున్న వ్యాసాలను మా బరంపురంలో కొందరం శ్రద్ధగా చదువుతున్నాం. పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 మార్చిలో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్ గురించి గత వారం ప్రచురించిన వ్యాసం మొదటి సగం చాలా బాగుంది. రెండో సగంలో మాత్రం వ్యాసకర్త ఆ పాటలన్నీ మన వేదాంతానికి ఇంగ్లీషు తొడుగు అని తేల్చి, అన్నమయ్య ‘నానాటి బదుకు నాటకము’ పక్కన వాటిని నిలబెట్టి, చివరి పాటలో అద్వైతమే వినిపిస్తున్నదని ముగించారు. పరాయివాళ్ల రచన మనసుకు నచ్చగానే అది మన ఇంట్లోంచే పోయిందని చెప్పుకోవడం మనకు కొత్త కాదు. అయితే ఈ ఆల్బమ్ విషయంలో ఆ మాట పాటల సాహిత్యానికే ఎదురు వెళుతున్నది. ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా, ఈ పాటలను క్యాసెట్ల కాలం నుంచీ వింటున్నవాడిగా నా అభ్యంతరాన్ని కొంత వివరంగా రాస్తున్నాను.

ఈ ఆల్బమ్‌లో మాటలున్న ప్రతి పాటకూ సాహిత్యం రాసినవాడు బృంద సభ్యుడు రోజర్ వాటర్స్ ఒక్కడే. బాణీలలోనూ వాయిద్యంలోనూ డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్‌ల పాలు ఎంత ఉన్నా, ఆలోచన వాటర్స్‌ది. లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేసిన ఈ ఆల్బమ్ దాదాపు 43 నిమిషాల పాటు సాగుతుంది. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగుతుంది. ఆ రెండు చప్పుళ్ల మధ్య మనిషిని నలిపే కాలం, డబ్బు, యుద్ధం, మతి చలించడం, చావు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. మాటలు లేని వాయిద్య భాగాలను పక్కన పెడితే మిగిలినదంతా ఒకే వాదన.

ఆ వాదన మొదటి పాట ‘బ్రీద్’లోనే తేటతెల్లంగా ఉంది. నువ్వు తాకినదీ కళ్లతో చూసినదీ ఏదో, నీ జీవితమంతా అదే, అంతకు మించి మరేమీ ఉండబోదని ఆ పాట చెబుతుంది. ఈ ఒక్క మాట చాలు, వ్యాసకర్త పోలిక ఎక్కడ విరిగిపోతున్నదో తెలియడానికి. ‘పుట్టుటయు నిజము పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము’ అన్నాడు అన్నమయ్య. వాటర్స్‌కు ఆ నట్టనడిమి పనే నిజం, దానికి ముందూ వెనుకా ఏమీ లేదు. కన్నం తవ్వి, అది పూర్తి కాగానే కూర్చోకుండా మరొకటి తవ్వమని ఒక కుందేలును అదే పాటలో తరుముతాడు. ఆ శ్రమ మాయ అని అతడు అనడు, వృథా అవుతున్నదని బాధపడతాడు. కంటికి కనిపించే లోకాన్ని దాటితే కైవల్యం ఉందని నమ్మినవాడి దుఃఖమూ, ఈ లోకం తప్ప మరొకటి లేదనుకున్నవాడి దుఃఖమూ ఒకటే ఎలా అవుతాయి?

‘టైమ్’ పాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఇంజనీరు అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో రికార్డు చేసి తెచ్చిన గంటలన్నీ ఒక్కసారిగా మోగి, వాటి వెనుక మేసన్ డ్రమ్ముల మోత నిదానంగా నడిచి, రెండు నిమిషాలు దాటాక గాని గొంతు వినిపించదు. కాలం గురించి చెప్పబోతూ వినేవాడి కాలాన్నే ముందుగా ఖర్చు పెట్టించడం ఆ పాటలోని గడుసుదనం. ఎవరో దారి చూపిస్తారని సొంత ఊళ్లో కాలక్షేపం చేస్తున్న కుర్రవాడికి ఒకనాడు హఠాత్తుగా పదేళ్లు గడిచిపోయాయని తెలుస్తుంది. పందెం ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేదు. ఇక సూర్యుణ్ణి అందుకోవాలని పరుగు తీస్తాడు, సూర్యుడు పడమట దిగి మళ్లీ వెనుక నుంచే వస్తాడు. జీవితం ముందెప్పుడో మొదలవుతుందని తాను ఎదురుచూస్తుండగా అది ఎప్పుడో మొదలైపోయిందని దాదాపు 29 ఏళ్ల వయసులో తనకు స్ఫురించిందనీ, ఆ స్ఫురణ నుంచే ఈ పాట వచ్చిందనీ వాటర్స్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

మా గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల మీదకు లక్షల మంది వెళుతుంటారన్న సంగతి మీ పాఠకులకు తెలిసే ఉంటుంది. మా ఊరి అమ్మవారి జాతర అయిన ఠాకురాణి యాత్రకు సెలవు మీద వచ్చిన మా వీధి కుర్రవాడొకడు, రోజుకు పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడు, నా దగ్గర కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుని ఈ పాట విన్నాడు. మగ్గాల హోరుకు అలవాటు పడిన చెవులు కావడంతో శబ్దం బాగా పెంచమన్నాడు. అయిపోయాక మాటలకు అర్థం అడిగితే తెలుగులో చెప్పాను. కాసేపు ఆలోచించి, “మాస్టారూ, ఆ పాటలో వాడికి పాడుచేసుకోడానికైనా టైముంది కదండీ. మమ్మల్ని పదహారో ఏటే రైలెక్కించేశారు. మాకు ఆగమని చెప్పేవాడే లేడు” అన్నాడు. అర్ధ శతాబ్దంగా ఈ పాట మీద విమర్శకులు రాసిన వాటిలో ఇంత సూటి అభ్యంతరం నేను చదవలేదు. తిండికీ గూటికీ లోటు లేని ఇంగ్లండు మధ్యతరగతి యువకుడి విచారం అది. ఆ విచారం నిజమైనదే గానీ, సర్వ మానవాళిదీ అని వ్యాసకర్త రాసినంత విశాలమైనది కాదు. వేదాంతం చేసి అందరికీ పంచిపెడితే ఈ పరిమితి కనిపించకుండా పోతుంది.

‘టైమ్’ చివర ‘బ్రీద్’ బాణీ మళ్లీ వస్తుంది. చలిలో అలసి ఇంటికి చేరినవాడు నిప్పు దగ్గర ఎముకలు కాచుకుంటూ ఉంటే, దూరాన పొలాల అవతల ఇనుప గంట మోగి భక్తులను మోకాళ్ల మీదకు పిలుస్తుంది. అక్కడ మెత్తని గొంతుతో చెప్పేవి మంత్రతంత్రాల మాటలని పాట అంటుంది. వ్యాసకర్త ఈ పాటను వివరంగా అనువదించి కూడా సరిగ్గా ఈ చరణాల ముందు ఆపేశారు. స్థలాభావమే కారణం కావచ్చు. కానీ మతం చెప్పే ఓదార్పును మెల్లగా తోసిపుచ్చే చరణాలను వదిలేసి మిగిలిన వాటిలో ఆధ్యాత్మికత చూపించడం న్యాయం కాదు.

దీనికి మరో సాక్ష్యం ఉంది. రికార్డు రావడానికి ఏడాది ముందే, 1972లో, ఈ పాటల వరుసను బృందం కచేరీలలో వినిపించింది. చావు గురించిన భాగంలో అప్పట్లో బైబిలు వాక్యాలు వినిపించేవి. ఆల్బమ్ తయారయ్యేసరికి వాటిని తీసేశారు. వాటి చోటికి క్లేర్ టోరీ అనే యువ గాయని గొంతు వచ్చింది. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’లో ఆమెకు ఒక్క పదం కూడా ఇవ్వలేదు, మన పరిభాషలో అది ఆలాపన. మొదట ఎదిరిస్తున్నట్టు, తరువాత బతిమాలుతున్నట్టు, చివరకు ఒప్పుకున్నట్టు ఆ గొంతు దిగివస్తుంది. దైవవాక్యాన్ని తొలగించిన చోట మనిషి గొంతును మాత్రమే ఉంచడం కన్నా స్పష్టంగా ఒక కవి తన వైఖరిని ఎలా చెప్పగలడు?

‘మనీ’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నాణేల గలగలనూ, దుకాణపు గల్లా పెట్టె చప్పుడునూ టేపు ముక్కలుగా కోసి అతికించి దాన్నే తాళంగా మార్చారు. అది ఏడు మాత్రల నడక. లెక్కకు మన మిశ్రచాపు వంటిదే అయినా నడకలో ఆ ఒయ్యారం లేదు, కావాలనే కుంటిస్తుంది. ధనాశను ఎగతాళి చేసిన ఈ పాటే అమెరికాలో వాళ్లకు పెద్ద విజయం తెచ్చి, ఆల్బమ్ 4 కోట్లకు పైగా అమ్ముడై వాళ్లను కోటీశ్వరులను చేసింది. ఆ వెక్కిరింత వాళ్లకే తగిలిందని ఎవరైనా నవ్వుకుంటే నేను అడ్డు చెప్పను.

‘అస్ అండ్ దెమ్’ నా దృష్టిలో ఈ ఆల్బమ్‌కు గుండెకాయ. వాటర్స్ తండ్రి 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఆంజియో యుద్ధరంగంలో చనిపోయాడు. అప్పటికి బిడ్డకు అయిదు నెలలు. పాటలో సేనాపతి వెనుక కూర్చుని ముందుకు పొమ్మంటాడు, ముందు వరుస చచ్చిపోతుంది, పటం మీద గీతలు అటూ ఇటూ జరుగుతాయి. ఒడిశాను వేరే రాష్ట్రంగా ఏర్పరుస్తూ 1936 ఏప్రిల్ 1న గీసిన గీతకు ఇటువైపు మిగిలిన తెలుగువాళ్లం కనుక ఆ చరణం మాకు తొందరగానే అందుతుంది. మా గీత రక్తం చిందకుండా పడింది కాబట్టి పోలికను సాగదీయను. ఈ పాట యుద్ధరంగంలోనే ఆగకుండా చివరకు వీధిలోకి వస్తుంది: అందరూ తమ పనుల తొందరలో ఉండగా, ఒక టీకీ రొట్టెముక్కకూ డబ్బు లేక ఒక ముసలివాడు చనిపోతాడు. మనమూ వాళ్లూ అన్న భేదం మిథ్య అని ఈ పాట బోధిస్తున్నదని వ్యాసకర్త అన్నారు. నాకు వినిపించేది వేరు. ఆ భేదం ముసలివాణ్ణి చంపేటంత నిజమైనదని, దానికి మనం బాధ్యులమని ఈ పాట అంటున్నది. మిథ్య అనుకుంటే ఆ చావుకు ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు.

‘బ్రెయిన్ డ్యామేజ్’ పాట వెనుక ఉన్న మనిషి సిడ్ బారెట్. బృందాన్ని ముందు నడిపించినవాడు, తొలి పాటలు రాసినవాడు. మతి చలించి వేదిక మీద నిలబడలేని స్థితికి వచ్చాక, 1968 జనవరిలో ఒక కచేరీకి బయలుదేరుతూ మిగిలినవాళ్లు దారిలో అతణ్ణి ఎక్కించుకోవడం మానేశారు. ఆ ఏడాదే అతడు బృందం నుంచి తప్పుకున్నాడు, 2006లో కన్నుమూశాడు. పిచ్చివాడు మొదట గడ్డి మీద, తరువాత ఇంటి నడవలో, ఆపైన నా తలలోనే ఉన్నాడని పాట అంటుంది. నీ బృందం వేరే బాణీలు వాయించడం మొదలుపెడితే చంద్రుడి చీకటి వైపున నిన్ను కలుసుకుంటానని మాట ఇస్తుంది. ఎక్కించుకోకుండా వెళ్లిపోయినవాళ్లలో ఒకడు రాసిన మాట ఇది. మనోవ్యాధిని గాలి సోకిందనో కర్మ ఫలమనో తోసేసే మన ఇళ్లలో ఈ పాటకు పని ఉంది, అందుకు అద్వైతం అవసరం లేదు.

ఇక వ్యాసకర్త అద్వైతం చూసిన ‘ఎక్లిప్స్’. తాకేది, చూసేది, ప్రేమించేది, ద్వేషించేది, కొనేది, దొంగిలించేది అంటూ సాగే జాబితా చివర సూర్యుడి కింద ఉన్న సమస్తం శ్రుతిలోనే ఉందని పాట అంటుంది. వ్యాసం ఇక్కడే ముగిసింది. పాట ముగియలేదు. ఆ సూర్యుణ్ణే చంద్రుడు కమ్మేశాడన్నది ఆఖరి మాట. వెలుగు ఉన్నది, సామరస్యమూ ఉండగలదు, కానీ మనలోని చీకటి దాన్ని అడ్డుకుంటుంది. దాని వెంటనే, చంద్రుడికి చీకటి వైపంటూ వేరే లేదు, నిజానికి అదంతా చీకటే అన్న గొంతు సన్నగా వినిపిస్తుంది. ఆ గొంతు ఆబీ రోడ్ స్టూడియో వాచ్‌మన్ జెర్రీ ఓడ్రిస్కాల్‌ది. చావంటే భయమా, చివరిసారి ఎప్పుడు చేయి చేసుకున్నారు, అప్పుడు న్యాయం మీ వైపు ఉందా వంటి ప్రశ్నలు కార్డుల మీద రాసి, స్టూడియోలో దొరికినవాళ్లందరి జవాబులూ వాటర్స్ రికార్డు చేశాడు. బీటిల్స్ గాయకుడిగా పేరొందిన పాల్ మెకార్ట్‌నీ అంతటివాడి జవాబులను వదిలేసి వాచ్‌మన్ మాటను చివరన నిలిపాడు.

పోలిక తప్పదనుకుంటే, మా ఒడిశా బడుల్లో చదివిన తెలుగు పిల్లలకు తెలిసిన ఒడియా భక్తకవి భీమభోయి నాకు గుర్తుకు వస్తాడు. ‘మో జీవన పఛే నర్కే పడిథాఉ, జగత ఉద్ధార హేఉ’ అన్నాడాయన. నా బతుకు నరకంలో పడితే పడనీ, లోకం బాగుపడితే చాలునని. ఆయన అలేఖుడనే నిరాకార దైవాన్ని నమ్మిన భక్తుడు, వాటర్స్ నాస్తికుడు, కాబట్టి పోలిక దగ్గరదని అనను. ప్రాణుల దుఃఖాన్ని చూసి ఓర్చుకోలేకపోవడం ఒక్కటే ఇద్దరికీ ఉమ్మడి.

చివరగా ఒక సవరణ, ఒక మనవి. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ పాడినది ‘పేరు తెలియని గాయని’ అని వ్యాసంలో అచ్చయింది. క్లేర్ టోరీకి ఆనాడు ముట్టినది 30 పౌండ్లు. ఆ పాటకు తానూ స్వరకర్తనేనని ఆమె 2004లో దావా వేయగా 2005లో రాజీ కుదిరి, అప్పటి నుంచి రిచర్డ్ రైట్ పేరుతో పాటు ఆమె పేరు కూడా అచ్చవుతున్నది. వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ పేరును సవరణగా వేయవలసిందని, ఈ శీర్షికలో ఇకముందు అనువదించే పాటలను చరణాలు వదలకుండా ఇప్పించవలసిందని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.