క్రిస్మస్, సంక్రాంతి కలిపి ఒకే కార్డు: ఇక మా ప్రెస్సులో వెయ్యం

పర్లాకిమిడి, పాతపట్నం, కాశీనగర్, గుణుపురం, ఆర్. ఉదయగిరి నుంచి మనకి పని ఇచ్చే అన్నయ్యలకి, అక్కలకి, మాస్టార్లకి, పాస్టరుగార్లకి నమస్కారం. 2026 కనుమ కూడా వెళ్ళిపోయింది. మిషన్లు చల్లబడ్డాయి గానీ కొన్ని బాకీలు ఇంకా వేడిగానే ఉన్నాయి. వాటికి ఎవరి ఫోను వాళ్ళకి వస్తుంది, ఇక్కడ ఆ గొడవ ఎత్తను.

ఇప్పుడు చెప్పేది వేరు. వచ్చే చలికాలం నుంచి ఒక రకం పని మానేస్తున్నాం. "క్రిస్మస్, నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలు" అని మూడూ ఒకే వరసలో గుచ్చి, పక్కన నక్షత్రం, కింద పొంగలి కుండ, మూలన గంగిరెద్దు పెట్టే కార్డూ ఫ్లెక్సీ ఇక మా దగ్గర దొరకవు. కొట్లవాళ్ళు ఎక్కువగా అడిగేది అదేనని తెలుసు. డిసెంబరు 20న కడితే జనవరి 20 దాకా విప్పక్కర్లేదు, ఒక ఖర్చుతో అందరికీ చెప్పేసినట్టు. లెక్క బాగానే ఉంటుంది. కానీ ఆ ఫ్లెక్సీని ఆగి చదివినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

మా మామగారి కాలంలో లెటర్ ప్రెస్సు ఉండేది. తెలుగు అక్షరాల కేసొకటి, ఒడియా అక్షరాల కేసొకటి ఎదురెదురుగా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు పర్లాకిమిడి ఇటు వచ్చింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. అప్పటినుంచి చుట్టాలు అటూ ఇటూ, పెళ్ళి కార్డులు రెండు లిపుల్లోనూ. రెండు లిపులు వెయ్యడం మాకేం కొత్త కాదు. ఎన్ని లిపులు వేసినా, ఎవరి పండగ ఏ రోజో తెలీకుండా వేస్తే పని సగమే అయినట్టు. అదే ఈ ఏడాది బాగా తేటతెల్లమైంది.

మార్గశిరంలో లక్ష్మి పూజ చేసే గురువారాలు, అదే లక్ష్మీవారాలు చూడండి. మనకి నెల అమావాస్య మర్నాడు మొదలవుతుంది, ఒడియా వాళ్ళకి పున్నమి మర్నాడు. కార్తీక పున్నమి నవంబరు 5న అయింది కాబట్టి వాళ్ళ మార్గశిరం మొదటి గురువారం నవంబరు 6నే వచ్చేసింది. ఆ పూజని వాళ్ళు మాణబసా అంటారు. కొత్త ధాన్యం మాణం, అంటే కొలపాత్ర, నిండా పోసి, గుమ్మం నుంచి పూజ దాకా బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేస్తారు. మన మార్గశిరమేమో నవంబరు 21న గానీ రాలేదు, మన మొదటి లక్ష్మీవారం 27న. అదే అమ్మవారు, అదే మాసం పేరు, మూడు వారాలు తేడా. ఆఖరికి నవంబరు 27, డిసెంబరు 4, ఈ రెండు గురువారాలే రెండిళ్ళలోనూ ఒకేసారి కుదిరాయి. తెలుగు కేలండరు చూసుకుని "మార్గశిర లక్ష్మీవార శుభాకాంక్షలు" అని డిసెంబరు 11న ఒడియా ఇంటికి కార్డు పంపితే, వాళ్ళ మార్గశిరం అప్పటికి వారం కిందటే అయిపోయింది.

పాతపట్నం దగ్గర ఎరువుల కొట్టాయన ఒకరు ఈ ముక్క నేను చెప్పకముందే పట్టారు. తన ఒడియా ఖాతాల వాళ్ళకి నవంబరు 6కి అందేలా ఒడియాలో చిన్న కార్డు, తెలుగు వాళ్ళకి 27కి తెలుగులో, కొండ మీది క్రైస్తవ రైతులకి డిసెంబరులో ఇంకొకటి, మూడూ విడివిడిగా వేయించుకున్నారు. ఖర్చు ఎక్కువైందని మొహం మీదే అన్నారు, దాచుకోలేదు. కానీ కార్డు అందిన రైతులు ఆయనకి ఎదురు శుభాకాంక్షలు చెప్తూ ఫోన్లు చేశారట. మూడు పండగల ఫ్లెక్సీ చూసి ఫోను చేసేవాడు ఎవడుంటాడు?

సంక్రాంతి దగ్గరా ఇదే. ఈసారి సూర్యుడు మకరంలోకి వెళ్ళింది జనవరి 14 మధ్యాహ్నం మూడు దాటాక. ఒడియా లెక్కలో సంక్రమణం ఏ రోజు జరిగితే ఆ రోజే పండగ. మన పంచాంగాల్లో 14 భోగి, 15 సంక్రాంతి. మనం భోగిమంట దగ్గర చలి కాచుకుంటున్న పొద్దున పక్కింట్లో కొత్త బియ్యం నానబెట్టి, కొబ్బరి, అరటిపండు, బెల్లం, చెరుకు ముక్కలు కలిపి మకర చాఉళ నైవేద్యం పెట్టేస్తున్నారు. వాళ్ళకి గొబ్బెమ్మల బొమ్మ, హరిదాసు బొమ్మ ఉన్న కార్డు 15న ఇస్తే నవ్వుతూ తీసుకుంటారు, మర్యాదస్తులు. అంతే.

ఇక అసలు మా ప్రెస్సుని చలికాలంలో నిలబెట్టేది ఏమిటో కూడా చెప్పాలి, లేకపోతే ఈ మాటలన్నీ ఊరికే నీతులు చెప్పినట్టుంటాయి. గ్రీటింగ్ కార్డులు కావు. కొట్టు ముందు తీగల స్టాండులో కార్డులు తగిలించి అమ్మే రోజులు పోయాయి, ఆ స్టాండు తీసేసి అక్కడ జిరాక్సు మిషను పెట్టాం. కేలండర్లూ అంతంతమాత్రం. బొమ్మ షీట్లు శివకాశి నుంచి వస్తాయి, మేం కింద పేరు కొట్టి డేట్ ప్యాడ్ అతికిస్తాం, మిగిలేది చిల్లర. డిసెంబరు జీతాలు వచ్చేది చర్చిల పని మీద. మా గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 38 శాతం మంది క్రైస్తవులు. క్రిస్మస్ కార్యక్రమాల కరపత్రాలు, కేరల్స్ పాటల చిన్న పుస్తకాలు, అన్నిటికంటే మించి వాగ్దానం కార్డులు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ ఒక కార్డు తీసుకుంటారు, అందులో వచ్చిన వాక్యమే ఆ ఏడాదికి వాళ్ళ వాగ్దానం. ఆ కార్డు బైబిల్లోనో పర్సులోనో ఏడాదంతా ఉంటుంది. మేం వేసే కాగితాల్లో అంత ఆయుష్షు పెళ్ళి కార్డుకి కూడా లేదు.

అలాంటి కార్డుల్లో అక్షరం చెడకూడదు. ఇక్కడ సవర వాళ్ళ సంగతి చెప్పాలి. ఒకే భాష, రాసే తీర్లు నాలుగు. చర్చిల వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో తెస్తారు, వాళ్ళ బైబిలు ఆ లిపిలోనే ఉంది. బడి చదువులవాళ్ళు ఒడియా లిపిలో, శ్రీకాకుళం వైపు వాళ్ళు తెలుగులో తెస్తారు. గుణుపురం వైపు అక్షర బ్రహ్మని, అంటే అక్షరాలనే దేవుడిగా, కొలిచేవాళ్ళు మంగెయి గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపిలో అడుగుతారు. పూర్వం ఇదే ఊళ్ళో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని నిఘంటువే రాశారు, 1938లో అచ్చయింది. మేం అంతటివాళ్ళం కాదు. నాకూ మా డీటీపీ కుర్రాడికీ సవర రాదు. అందుకని సవర మేటరు ఎవరు ఇస్తే వాళ్ళే కొట్టుకి వచ్చి ప్రూఫు చదివి సంతకం పెట్టాలి, ఫోటోలో చూసి "ఓకే" అంటే ఒప్పుకోం. ఎవరి కార్డు ఏ లిపిలో అన్నది మీరే తేల్చుకుని రండి. ఆ పంచాయితీ మా టేబులు మీద వద్దు.

డిసెంబరు 25 గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. ఈసారి క్రిస్మస్ గురువారం నాడొచ్చింది. మార్గశిర లక్ష్మి నోము పట్టినవాళ్ళకి తెలుసు, నాలుగు వారాలూ మార్గశిరంలో అయితే అయిదోది పుష్యంలో మొదటి గురువారం. అది సరిగ్గా 25 అయింది. మొదటి వారం పులగం, రెండో వారం అట్లు, తిమ్మనం, అలా వస్తూ వస్తూ అయిదో వారానికి పూర్ణం బూరెలు. పొద్దున్నే మన కస్టమర్ల గ్రూపులో ఒకవైపు బూరెల పళ్ళేలు, ఇంకోవైపు చర్చి ముందు కొత్త బట్టల్లో పిల్లలు. మామూలుగా ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మ పెడితే తీసేస్తానని మీ అందరికీ తెలుసు, దానికి కొందరికి నా మీద కోపమూ ఉంది. ఆ రోజు దేన్నీ తియ్యలేదు. ఆర్. ఉదయగిరి పాస్టరుగారు "అమ్మా, నోము పూర్తయిందా, మాకు బూరెలేవి?" అని వాయిస్ పెట్టారు. బూరెలు పెట్టినామె "మీ కేకు వచ్చాకే పంపుతాం" అంది. ఆ పలకరింపు వెనక మేం వేసిన కార్డేమీ లేదు, నాకు రూపాయి రాలేదు. కానీ నేను చెప్పదలచుకున్న సంగతి వాళ్ళిద్దరూ నాకంటే బాగా చెప్పారు. ఆయన తన పండగ నాడు ఆమె నోము అడిగారు.

ఒక రిటైర్డు మాస్టారు ఈ నిర్ణయం విని, "ఊళ్ళో అందరం కలిసే బతుకుతున్నాం, నువ్వు కార్డులు విడగొడతావా?" అన్నారు. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నాను, నాకు అలా అనిపించదు. మూడు పండగలూ కలిపిన కార్డులో ఎవరి పండగా పూర్తిగా ఉండదు. అది పంపేవాడి సౌకర్యం. క్రైస్తవుల ఇంటికి క్రిస్మస్‌కి క్రిస్మస్ కార్డే పంపితే, ఒడియా ఇంటికి వాళ్ళ మొదటి గురువారం నాడే పంపితే, అందులో కలుపుగోలుతనం తక్కువేముంది?

డబ్బు సంగతి. విడివిడిగా వేస్తే ఖర్చు పెరుగుతుంది, తగ్గుతుందని చెప్తే అబద్ధం. ఆఫ్‌సెట్‌లో రంగుకొక ప్లేటు, కార్డు మారితే నాలుగు ప్లేట్లూ మళ్ళీ. కిందటి సెప్టెంబరు 22 నుంచి కాగితం మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి వెళ్ళింది, అదీ మీ బిల్లులోనే కనపడుతుంది. అందుకని ఒక దారి చూశాం. వెనక వైపు మీ కొట్టు పేరు, చిరునామా ఒక్కసారి అందరికీ కలిపి ఆఫ్‌సెట్‌లో కొట్టేసి, ముందు వైపు మాత్రం ఏ పండగకి ఎన్ని కావాలో అన్ని డిజిటల్‌లో వేస్తాం. వంద లోపు కార్డులకి ఇదే చవక. ఫోను స్టేటస్‌కి బొమ్మ చాలనుకునేవాళ్ళకి పండగకి వంద రూపాయలు, పాత రేటే.

ఇంకొకటి. వాట్సాప్‌లో మీరు పంపే తెలుగు మేటరు నేరుగా మా అనూ ఫాంట్లలోకి దిగదు, ఒడియా మేటరు అకృతి ఫాంట్లలోకి దిగదు. మారిస్తే ఒత్తులు విరుగుతాయి, మళ్ళీ కొట్టాల్సిందే. "కాపీ పేస్టేగా, అయిదు నిమిషాలు" అనేవాళ్ళు ఒకసారి వచ్చి మా కుర్రాడి పక్కన కూర్చోండి, టీ మేమే ఇప్పిస్తాం. మాణబసా కార్డుల మేటరు దసరా వెళ్ళిన వారంలో, క్రిస్మస్ మేటరు నవంబరు 20 లోపు, సంక్రాంతివి డిసెంబరు 25 లోపు కావాలి. డిసెంబరు 23 సాయంత్రం వచ్చి "రేపటికి" అంటే ఎంత దగ్గరి చుట్టమైనా కాదనే అంటాను. మా ఆడపడుచుకీ అదే చెప్పాను.

మూడు పండగల పాత కార్డులు ఒక కట్ట మిగిలాయి. వెనక ఖాళీగానే ఉంది, కొట్లో చీటీలకి పనికొస్తాయి. కావలసినవాళ్ళు పట్టుకెళ్ళండి, డబ్బులేం వద్దు.

ఇప్పుడు దగ్గరలో ఉన్నది మా జిల్లా చంద్రగిరిలో ఉండే టిబెటన్ల లోసర్, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం. ఈ ఏడాది ఫిబ్రవరి 18. జిరంగలో 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద మఠం చూడ్డానికి మనం పిల్లల్ని తీసుకుని వెళ్తాం, ఫోటోలు దిగుతాం. వాళ్ళు చలికాలమంతా మన ఊళ్ళలో స్వెట్టర్లు అమ్ముతూ క్రిస్మస్‌కి క్రిస్మస్, సంక్రాంతికి సంక్రాంతి చెప్తారు. తమ కొత్త సంవత్సరానికి మాత్రం దుకాణాలు కట్టేసి కొండకి వెళ్ళిపోయి ఉంటారు, కాబట్టి తిరిగి చెప్పేవాళ్ళు ఉండరు. మన గ్రూపులో వాళ్ళ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. 18న "తాషి దెలెక్" అని వాళ్ళ శుభాకాంక్ష తెలుగులో రాసినా వాళ్ళకి అందుతుంది. కార్డు కావాలంటే ఫిబ్రవరి 10 లోపు చెప్పండి. టిబెటన్ అక్షరాలు ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి, మా సాఫ్ట్‌వేర్‌లో చెదిరిపోతాయి. అందుకని మేటరు వాళ్ళ దగ్గర్నుంచే పీడీఎఫ్‌గా తెప్పించి వేస్తున్నాం.

బడులవాళ్ళకి: సరస్వతి పూజ జనవరి 23, శుక్రవారం. ఆహ్వానాలు 20కల్లా తీసుకెళ్ళండి. ఫిబ్రవరి 15 శివరాత్రి ఆదివారమే వచ్చింది, మావాళ్ళంతా మహేంద్రగిరి ఎక్కుతారు. 16న కూడా ప్రెస్సు మధ్యాహ్నం దాకా తెరవం, కాళ్ళు నొప్పులుంటాయి.